గాలి మింగే గుర్రం

రాత్రి రెండయింది.
మళ్లీ అదే చప్పుడు.
తలుపు అంచు పళ్లతో కరిచిపట్టి
మెడ విల్లులా వంచి
గాలిని గుటక వేస్తోంది జాపోర్.
మా భాషలో జాపోర్ అంటే జడివాన.
ఇది మాత్రం
ఎండిన బావిలో చేద తగిలిన చప్పుడు.

మూడు వారాల కింద మిలానో నుంచి లారీలో వచ్చింది.
పద్నాలుగు గంటలు ఒంటరిగా నిలబడి,
బకెట్లో నీళ్లు కొత్త వాసనేస్తే మూతి తిప్పుకుని.
దిగుతుంటేనే చూశాను,
కంటి పైన ముడత,
రాయిలా బిగిసిన కింది పెదవి,
పలచబడిన పేడ.
గుర్రానికి నోరు లేదంటారు.
ఒళ్లంతా నోరే దానికి.

డాక్టర్ ఎమోకె ముక్కులోంచి గొట్టం దించింది.
తెర మీద కడుపు గోడ,
దాని మీద ఎర్రెర్రగా పుళ్లు.
నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.
"ముందు ఇవి మానాలి," అని మందు రాసింది,
"నీ డబ్బాల సంగతి తర్వాత."

నా డబ్బాలు!
అటక మీద ఏడు, వరసగా.
సుద్దపొడిలా మెగ్నీషియం.
ఉడికిస్తే జిగురొచ్చే అవిసె గింజలు.
నెల జీతంలో ఐదో వంతు మింగిన పొడి ఒకటి,
మూత మీద నిద్రపోతున్న గుర్రం బొమ్మ
(గుర్రాలు అలా నిద్రపోవు).
వలేరియన్ వేరు, మూత తీస్తే
తడిసిన మేజోళ్ల కంపు.
అది తిన్న గుర్రాన్ని పోటీకి రానివ్వరని
యజమాని లెహెల్ చెత్తబుట్టలో పారేశాడు.
లాయం పిల్లి తెల్లార్లూ
ఆ బుట్టను కౌగలించుకుని దొర్లింది.
ఆ వారం మాలో హాయిగా ఉన్నది అదొక్కటే.

సీమ చామంతి మాత్రం కొన్నది కాదు.
మే నెలలో హోర్తోబాజ్ చవిటినేల మీద
ఎవరూ విత్తకుండానే పూస్తుంది.
యోలాన్ పిన్నీ నేనూ
పళ్లున్న చెక్కపెట్టెలతో
నేలకు తల దువ్వినట్టు దువ్వి తెచ్చాం.
వేడినీళ్లలో నానబెట్టి దాణాలో కలిపితే
జాపోర్ పూలన్నీ ఏరి పక్కన పెట్టి
ఓట్స్ తినేసింది.

వెండెల్ తాత అప్పుడొచ్చాడు.
డెబ్భై ఏళ్లు ఈ మైదానంలో మందలు తోలినవాడు.
డబ్బాల వైపు చూడలేదు.
"రోజుకెన్ని గంటలు మేస్తుంది?"
"రెండు పూటలా పెడుతున్నాం."
"నేనడిగింది గంటలు."
వేళ్లు లెక్కపెట్టాను.
ఒక చెయ్యే సరిపోయింది.
"మిగతా పొద్దంతా ఏం మేస్తుంది మరి?
గాలి."

మర్నాడు వలసంచుల నిండా ఎండుగడ్డి కట్టాం.
పగలంతా గేటు తీసి పచ్చికలోకి వదిలాం.
సాయంత్రం తాత
మరమేకుల్లాంటి కొమ్ములున్న
కుంటి గొర్రె నొకదాన్ని తెచ్చి
దాని గదిలోకి తోశాడు.
జాపోర్ చెవులు వెనక్కి వాల్చి
ఒకసారి బుసకొట్టింది.
గొర్రె పట్టించుకోలేదు.
గడ్డిలో సగం తనదే అన్నట్టు నమలడం మొదలుపెట్టింది.

ఆగస్టుకి తేరుకోకపోతే అమ్మేస్తానన్నాడు లెహెల్.
ఆ మాట విన్నప్పటి నుంచి
నేను లోపలికి వెళ్లిన ప్రతిసారీ
జాపోర్ తల ఎగరేస్తోంది.
దాని భయం ఎంతో, నా భయం ఎంతో
నాకెవరు తూచి చెబుతారు?
పట్టీ బిగించేముందు ఇప్పుడు
గోడకానుకుని పది ఊపిర్లు తీస్తున్నాను.

పుళ్లు సగం మానాయంది ఎమోకె.
మందు వల్లా, గడ్డి వల్లా, గొర్రె వల్లా అనడిగితే
భుజాలెగరేసి
"దేన్నీ మానకు" అంది.

ఈ రాత్రి కూడా మెలకువగానే ఉన్నాను.
మొదట్లో గంటకు నలభై గుటకలు.
నిన్న పదకొండు.
అది వద్దన్న పూలన్నీ
నేనే కాచుకు తాగుతున్నాను.
ఇవాళ ఆరు దాకా లెక్కపెట్టాను.
ఆ తర్వాత గడ్డి నమిలే చప్పుడు,
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.
ఎక్కడ లెక్క తప్పానో
గుర్తులేదు.